మలావీ సిక్లిడ్ల ఫోటోకి ముందు ట్యాంకు సిద్ధం కావాలి

ఆఫ్రికాలోని మలావీ సరస్సుకి చెందిన రంగురంగుల అక్వేరియం చేపలైన సిక్లిడ్ల ఫోటోలు సరిగ్గా రాకపోతే చాలామంది ముందు లెన్స్‌ని అనుమానిస్తారు. ముందు చూడాల్సింది ట్యాంకుని. తోక చిరిగిన చేప, పెద్ద మగదానికి జడిసి రంగు దిగిపోయిన చేప, గీతలు పడ్డ అద్దం, నీళ్లలో తేలే నలుసులు, వీటిని ఏ కెమెరా దాచలేదు. అందుకే పెంపకం, ఫోటో రెండూ కలిపే రాస్తున్నాను.

ఈ సిక్లిడ్లలో రాళ్ల మధ్య బతికే రకమైన ఎంబునాలకి ఎత్తు కంటే నేల వైశాల్యం ముఖ్యం. మగవి నేల మీదే హద్దులు పెట్టుకుంటాయి. 180 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న ట్యాంకు చక్కగా సరిపోతుంది. లెక్క ప్రకారం 648 లీటర్లు. 12 మి.మీ. అద్దమే 120 కిలోల దాకా తూగుతుంది, రాళ్లు, ఇసుక, స్టాండు కలిస్తే మొత్తం 900 కిలోలకు దగ్గరగా వస్తుంది. నేల ఆ బరువు మోస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. ఖాళీ ట్యాంకు పెట్టకముందే స్టాండు మీద రసమట్టం ఉంచి రెండు వైపులా చూడండి. ఒక మూల దిగితే బరువంతా ఒకే అతుకు మీద పడి సిలికాన్ విడిపోతుంది.

ఫోటోలు తీసే ఉద్దేశం ఉంటే ముందు వైపు అద్దం మాత్రం లో ఐరన్ గ్లాస్ (ఇనుము తక్కువున్న గాజు) వేయించుకోండి. మామూలు అద్దం 12 మి.మీ. మందంలో ఆకుపచ్చ ఛాయ ఇస్తుంది, యెల్లో ల్యాబ్ అనే పసుపు రంగు ఎంబునా మీద అది వెంటనే తెలిసిపోతుంది. అద్దాన్ని గీతల నుంచి కాపాడుకోవడం ఇంకో పని. మ్యాగ్నెట్ క్లీనర్‌లో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు, పొడవాటి గీత పడుతుంది. ఇసుకకి 3 సెం.మీ. పైనే మ్యాగ్నెట్ ఆపేసి, ఆ కింది భాగాన్ని పాత ప్లాస్టిక్ కార్డుతో గీకడం మంచిది.

రాళ్లు ముందు, ఇసుక తర్వాత. ఈ వరస తప్పకూడదు. ఎంబునాలు రాత్రికి రాత్రి ఇసుక తోడేస్తాయి, ఇసుక మీద నిలబెట్టిన రాయి కింద ఖాళీ ఏర్పడి పక్కకి ఒరుగుతుంది, ఒరిగిన రాయి తగిలితే అద్దం పగులుతుంది. అడుగున ప్లాస్టిక్ జాలీ పరిచి, దాని మీద రాళ్లు కదలకుండా పేర్చి, ఆ తర్వాతే ఇసుక పోయాలి. గుట్టలు వెనక వైపు ఉంచి ముందు 20 సెం.మీ. ఖాళీ వదలండి. చేప అద్దానికి ఎంత దగ్గరగా ఉంటే మధ్యలో నీరు అంత తక్కువ, ఫోటో అంత స్పష్టం. ఇసుక మరీ తెల్లగా ఉంటే చేపలు దానికి తగ్గట్టు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. బూడిద, గోధుమ కలిసిన ఇసుక, నల్లటి వెనుక తెర ఉంటే రంగు నిలుస్తుంది.

నీటి విషయానికొస్తే, ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు, పీహెచ్ 7.8 నుంచి 8.6 మధ్య స్థిరంగా ఉండాలి. అంకె కంటే స్థిరత్వం ముఖ్యం, అది కార్బొనేట్ కాఠిన్యం మీద, అంటే నీటిలో కరిగిన కార్బొనేట్, బైకార్బొనేట్ల మోతాదు మీద ఆధారపడుతుంది. మెత్తటి నీళ్లయితే వంట సోడా వాడొచ్చు. 100 లీటర్లకి 3 గ్రాములు వేస్తే ఆ కాఠిన్యం ఒక జర్మన్ డిగ్రీ (దాన్ని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది. సోడాని కొత్తగా పోసే నీళ్లలో ముందే కరిగించి పోయాలి, ట్యాంకులో నేరుగా చల్లకూడదు. గంటకి ట్యాంకు నీటికి ఆరేడు రెట్లు తిప్పే ఫిల్టర్ కావాలి, అంటే సుమారు 4,000 నుంచి 4,500 లీటర్లు. ఒకే పెద్దది కంటే రెండు క్యానిస్టర్లు (ట్యాంకు బయట ఉండే డబ్బా ఫిల్టర్లు) మేలు. ఒకటి ఆగినా రెండోది ట్యాంకుని నిలబెడుతుంది.

కొత్త ట్యాంకులో, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని మార్చేసే బ్యాక్టీరియా కుదురుకోడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వేస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావాలి, అప్పుడే చేపలు. ఇక్కడ తొందరపడితే మిగతా చేపల కంటే సిక్లిడ్లకే నష్టం ఎక్కువ. పీహెచ్ 7 దగ్గర కంటే 8.2 దగ్గర అమ్మోనియాలో విషపూరితమైన భాగం పది రెట్లకు పైగా ఉంటుంది. తర్వాత వారానికోసారి మూడో వంతు నీరు మార్చాలి.

ఇక అసలు కష్టం, చేపల తగాదాలు. నాలుగు చేపలే ఉంటే పెద్ద మగది ఒకదాన్నే తరుముతూ చంపేస్తుంది. సంఖ్య ఎక్కువైతే దాని కోపం అందరి మీదా పంచుకుపోతుంది. ఒక మగదానికి కనీసం మూడు నాలుగు ఆడవి, డెమసొనై అనే చిన్న ఎంబునా అయితే పన్నెండుకి తగ్గకుండా గుంపు. ఒకే పోలిక, ఒకే నిలువు చారలున్న రెండు జాతుల్ని కలపొద్దు, మగవి వాటిని సొంత జాతి పోటీదార్లుగానే చూస్తాయి. మలావీ సిక్లిడ్లలోనే ఇంకో రకమైన పీకాక్ చేపల్ని ఎంబునాలతో పెంచకపోవడమే నయం. సాధు స్వభావం వల్ల పీకాక్ మగది వెనక్కి తగ్గి, ఆడదానిలా బూడిద రంగులోకి దిగిపోతుంది. దాన్ని ఎన్ని ఫోటోలు తీసినా లాభం లేదు. రంగు కోసమే పెంచేవాళ్లు ఆడవి లేకుండా వేర్వేరు రంగుల పీకాక్ మగవాటినే ఉంచితే ఎక్కువ చేపలు పూర్తి రంగులో ఉంటాయి.

ఎంబునాలు రాళ్ల మీది పాచిని గీకి తినేవి, వాటి పేగు పొడవు. స్పిరులీనా ఉన్న మేత రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంత మాత్రమే వేయాలి. మాంసపు మేత ఎక్కువైతే కడుపు ఉబ్బు రోగానికి దారి తీస్తుంది. మేత నోట్లోకి తీసుకుని ఉమ్మేయడం, తెల్లటి దారంలా రెట్ట వేలాడటం మొదటి గుర్తులు. పొట్ట ఉబ్బేదాకా ఆగితే చాలాసార్లు చేప దక్కదు.

మేతకీ ఫోటోకీ సూటి సంబంధం ఉంది. పసుపు, ఎరుపు రంగులు మేతలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్ల నిలుస్తాయి. నీలం అలా కాదు. చర్మంలోని గ్వానిన్ అనే పదార్థపు సన్నటి పలకలు వెలుతురుని వెనక్కి విసరడం వల్ల కనిపించే రంగు అది. అందుకే ఒకే చేప కాస్త తిరిగేసరికి ముదురు నీలం నుంచి వెండి రంగులోకి మారుతుంది. నీలం చేపకి వెలుగు ఏ కోణంలో పడుతోందన్నదే ఫోటోలో సగం పని.

కెమెరా మీది ఫ్లాష్ అద్దంలో తెల్లటి మచ్చ వేస్తుంది, నీళ్లలోని ప్రతి నలుసునీ మెరిపిస్తుంది. ఫ్లాష్‌ని తీగ లేకుండా వెలిగించే రేడియో ట్రిగ్గర్‌తో ట్యాంకు పైన, ముందు అద్దానికి దగ్గరగా, కిందకి చూసేలా పెట్టాలి. అప్పుడే చేపకి మన వైపున్న పక్క మీద వెలుగు పడుతుంది. వెనక్కి జరిపితే వీపు మెరిసి పక్క నల్లబడుతుంది. మూత గ్లాసు తుడిచి, దాని మీద ఫ్లాష్ ఉంచి పట్టీతో కట్టేయండి, నీళ్లలో జారితే ప్రమాదం. మొదలుపెట్టడానికి షట్టర్ 1/200, ఎపర్చర్ ఎఫ్/9, ఐఎస్ఓ 200, ఫ్లాష్ పావు వంతు. ఒకసారి ఫ్లాష్ ఆపి అదే సెట్టింగులతో తీయండి, దాదాపు నల్లటి ఫ్రేము రావాలి. ట్యాంకు వెలుతురు అందులో కనిపిస్తే కదిలే చేప అంచుల్లో రెండో నీడ వస్తుంది. ఎల్ఈడీ మాత్రం వెలిగే ఉండాలి, ఫోకస్‌కి ఆ వెలుతురు కావాలి.

100 మి.మీ. మాక్రో లెన్స్ ఉంటే 15 సెం.మీ. చేప మొత్తం ఫ్రేములో పట్టాలంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి అరమీటరు దూరం కావాలి. అంత దూరంలో లెన్స్ హుడ్‌ని (లెన్స్ ముందుండే తొడుగు) అద్దానికి ఆనించడం కుదరదు కాబట్టి గది దీపాలార్పి, లెన్స్ పట్టేంత రంధ్రమున్న నల్ల గుడ్డని కెమెరా ముందు కట్టాలి. లెన్స్ ట్యాంకు అద్దానికి లంబంగా చూడాలి. పక్కకి వంచి తీస్తే అద్దం, నీరు కాంతిని విరిచేసి పొలుసుల అంచులకి రంగు చారలు అంటుకుంటాయి. ఫోకస్ కంటి మీద. చేప వెంట కెమెరాని తిప్పడం కంటే ఒకచోట నిలబెట్టి చేప వచ్చేదాకా ఆగడం మేలు.

నీరు మార్చిన మర్నాడు, మేతకి ముందు తీయండి. నీరు మార్చిన వెంటనే అయితే సన్నటి బుడగలు అద్దానికి పట్టుకుని ఉంటాయి. నలుసులు మరీ ఎక్కువగా ఉంటే ఫిల్టర్‌ని పది నిమిషాలు ఆపొచ్చు, తిరిగి వేయడం మరవకుండా టైమర్ మాత్రం పెట్టుకోండి.

గుడ్లు పెట్టే వేళ దొరికితే వదలకండి. మగది చదునైన రాయిని శుభ్రం చేసి, ఒళ్లంతా వణికిస్తూ ఆడదాన్ని పిలుస్తుంది. రెండూ తలా తోకా కలిపి చుట్టూ తిరుగుతాయి. ఆడది గుడ్డు పెట్టి వెంటనే నోట్లోకి తీసుకుంటుంది, మగదాని పొట్ట వెనక, తోకకి ముందు కింది వైపుండే రెక్క మీదున్న గుడ్డులాంటి చుక్కల్ని కూడా నోటితో అందుకోబోతుంది, ఆ క్షణంలోనే ఫలదీకరణ జరుగుతుంది. ఫోకస్ ముందే ఆ రాయి మీద స్థిరపరచుకుని, ఎఫ్/11కి మార్చుకుని, ఒక్కో చుట్టుకి ఒక్క ఫోటో చొప్పున తీయాలి. వరసగా కొడితే ఫ్లాష్ ఛార్జి అందక సరైన చుట్టుకి చీకటి ఫ్రేము వస్తుంది. ఫ్లాష్‌కి చేపలు పెద్దగా చలించవు, అద్దం ముందు చెయ్యి కదిపితేనే విడిపోతాయి.