సెన్సస్‌లో రెండే ఉన్నాయంటే

"అక్కా, పైన ఇంకో గ్రేడే లేదు, ఇందులో రెండే ఉన్నాయి, తీసేసుకోమంటారా?" అని మొన్న రాత్రి పదకొండింటికి మా అపార్ట్‌మెంట్స్‌లో ఉండే తమ్ముడొకడు వాట్సాప్‌లో అడిగాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వచ్చి మూడేళ్లయింది, ఈ మధ్యే పాత కామిక్స్ కొనడం మొదలుపెట్టాడు. గ్రేడ్ వేసిన ఒక కామిక్ అమ్మకానికి పెట్టిన స్క్రీన్‌షాట్ పంపాడు, తొమ్మిది వందల డాలర్లు, ఆ గ్రేడ్ ఇప్పటిదాకా రెండు కాపీలకే వేశారట. మన డబ్బుల్లో ఎంతో అతను లెక్కేసుకునే ఉంటాడు, ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయినా ఆ లెక్క మానలేం కదా. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆ అర్ధరాత్రి మెసేజీల్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నా.

నేను డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. మా ఆయన హెచ్1బీ, నేను హెచ్4. వర్క్ పర్మిట్ కార్డు చేతికొచ్చాక, గుంటూరులో చదివిన ఎంకామ్‌కి ఇక్కడ పని దొరక్క, ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక పాత కామిక్స్ షాపులో చేరాను. మొదట బిల్లింగ్, తర్వాత డబ్బాలు సర్దడం, ఇప్పుడు గ్రేడింగ్‌కి వెళ్లే ప్రతి పుస్తకం నా చేతి మీదుగానే వెళ్తుంది. చేరిన కొత్తలో మధ్యాహ్నం బాక్స్‌లో ఆవకాయ అన్నం తెచ్చుకుని చేత్తోనే తినేదాన్ని. సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా గోళ్ల సందున పసుపు ఉండిపోతుంది, నూనె వాసన సరేసరి. ఒకరోజు 1960ల నాటి ఒక పుస్తకం పట్టుకోబోతూ నా వేళ్లు నేనే చూసుకుని ఆగిపోయాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి షాపులో స్పూన్‌తోనే తింటున్నా, ఇంటికొచ్చాకే చేత్తో.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సీజీసీ అని ఫ్లోరిడాలోని సారసోటాలో ఒక కంపెనీ ఉంది, 2000లో మొదలైంది. పుస్తకం పంపితే అది ఎంత బాగుందో చూసి 0.5 నుంచి 10.0 దాకా ఒక అంకె, అంటే గ్రేడ్, వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి తిరిగి పంపుతారు, దాన్ని స్లాబ్ అంటాం. మామూలుగా నీలం లేబుల్, రిపేరు చేసిన పుస్తకమైతే ఊదా రంగు, సాక్షి ఎదురుగా సంతకం చేయించినదైతే పసుపు. ఏ సంచికకు ఏ గ్రేడ్ ఎన్నిటికి వేశారో వాళ్ల సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆ పట్టికే సెన్సస్.

పేరు సెన్సస్ అనే గాని అది మన ఊళ్లో ఇంటింటికీ తిరిగి రాసుకునే జనాభా లెక్క లాంటిది కాదు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకున్నవాళ్ల లెక్క లాంటిది. ఊళ్లో ఉద్యోగం లేనివాళ్లు ఎంతమందో అది చెప్పదు, లైన్లో నిలబడి పేరు ఇచ్చినవాళ్లు ఎంతమందో చెబుతుంది. మా షాపులోనే చూడండి, ఐదు డాలర్ల పుస్తకాలు డబ్బాల నిండా ఉన్నాయి, వాటిలో ఒక్కటీ మేం పంపం, గ్రేడింగ్ ఫీజు, పోస్టేజీ కలిపితే పుస్తకం ధర కన్నా ఎక్కువవుతుంది. అలాంటి పుస్తకానికి సెన్సస్‌లో రెండే కనిపిస్తే అది అరుదని కాదు, పంపే ఖర్చు దండగని అందరూ ఊరుకున్నారని. తమ్ముడు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నది సరిగ్గా అదే. 1980ల చివరి పుస్తకం, పెద్దగా ఎవరూ వెతకని సిరీస్. అమ్మేవాడు మాత్రం "ఇంతకు మించిన గ్రేడ్ లేదు" అని పెద్దక్షరాల్లో పెట్టాడు. రేపు ఎవరో తన అటక మీద డబ్బా దించి పది పంపితే ఆ రెండు పన్నెండవుతాయి.

ఇది నాకు పుస్తకాల్లో చదివి తెలియలేదు. 2021 చివర్లో నా కార్డు రెన్యువల్ ఆలస్యమై నాలుగు నెలలు పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. జీతం పోవడం ఒక బాధ, చేసే పని చేతిలోంచి తీసేసుకోవడం ఇంకో బాధ, అది అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. పొద్దున పిల్లాణ్ని స్కూల్లో దింపి వచ్చి, ఆ కార్డు స్టేటస్ పేజీ చూసి, అందులో ఏ మార్పూ లేకపోతే (లేదు, ఒక్కరోజూ లేదు) సెన్సస్ తెరిచి ఒక రూళ్ల నోట్‌బుక్‌లో ఓ ముప్పై పుస్తకాల అంకెలు రాసుకునేదాన్ని. తేదీ, 9.8లో ఎన్ని, 9.6లో ఎన్ని. అప్పుడు అందరూ ఇళ్లల్లో ఉండి కొనేస్తున్నారు, ధరలు ఆకాశంలో ఉన్నాయి. రోజులు గడిచేకొద్దీ చూస్తే కొత్త పుస్తకాల 9.8 వరుస వానాకాలం చెరువులా పెరుగుతూ పోయింది, 1940ల పుస్తకాల వరుస దాదాపు కదల్లేదు. నాకు అర్థమవ్వాల్సింది ఆ నోట్‌బుక్కే చెప్పింది, అంకె ఎంతని కాదు, ఎంత వేగంగా పెరుగుతోందని చూడాలి. కానీ అది తెలిసేలోపే తప్పు చేశాను. కొత్తగా వచ్చిన ఒక పుస్తకానికి 9.8లో వంద లోపే ఉన్నాయని నా సేవింగ్స్‌లోంచి నాలుగు వందల డాలర్లు పెట్టి కొన్నాను. ఏడాది తిరక్కుండా ఆ లెక్క వందల్లోకి వెళ్లింది, ధర నాలుగో వంతుకు పడింది. ఆ స్లాబ్ ఇంకా మా బీరువాలోనే ఉంది.

కొత్త పుస్తకాలు కొన్న రోజునే ప్లాస్టిక్ కవర్‌లోకి వెళ్లిపోతాయి, అందుకే వాటిలో 9.8 పెద్ద విశేషం కాదు. 1991లో వచ్చిన ఎక్స్-మెన్ ఒకటో సంచిక ఐదు కవర్లతో 80 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది, అది దాచిపెట్టి పిల్లల చదువుకు పనికొస్తుందని షాపుకి తెచ్చేవాళ్లు నెలకొకరైనా ఉంటారు. వాళ్లకు నిజం చెప్పడం నా ఉద్యోగంలో కష్టమైన భాగం.

అదే 1938 జూన్ యాక్షన్ కామిక్స్ ఒకటో సంచిక చూడండి, సూపర్‌మాన్ మొదటిసారి వచ్చింది, పది సెంట్లు. పిల్లలు చదివి చింపేశారు, యుద్ధకాలంలో పాత కాగితం సేకరణకు కట్టలు కట్టి ఇచ్చేశారు, మిగిలినవి వంద చుట్టుపక్కల ఉంటాయని అంచనా. 2024లో దాని 8.5 కాపీ ఇక్కడ డల్లాస్‌లోని హెరిటేజ్ వేలంలో 60 లక్షల డాలర్లకు పోయింది. స్పైడర్‌మాన్ మొదట కనిపించిన 1962 నాటి అమేజింగ్ ఫాంటసీ 15 అంత తక్కువేం కాదు, వేలల్లో గ్రేడ్ అయ్యాయి, కానీ 2021లో 9.6 కాపీ 36 లక్షలకు అమ్ముడైనప్పటికి ఆ గ్రేడ్‌లో ఉన్నవి నాలుగే, పైన ఒక్కటీ లేదు. ఇక్కడ ఆ నాలుగు అనే మాటకు విలువ ఉంది, ఎందుకంటే మంచి కాపీ చేతిలో ఉన్న ఎవరూ ఇన్నేళ్లు పంపకుండా ఊరుకుని ఉండరు. పైగా కావాలనుకునేవాళ్లు వేలమంది ఉన్నారు. అరుదు ఒక్కటే ఉంటే చాలదు, ఎదురుచూసే మనిషి ఉండాలి.

ఇంకో చిక్కుంది. 9.4 వచ్చిన పుస్తకాన్ని కొందరు స్లాబ్ పగలగొట్టి, వేడితో ప్రెస్ చేయించి ముడతలు పోగొట్టి, 9.6 వస్తుందేమోనని మళ్లీ పంపుతారు. పాత లేబుల్ వెనక్కి పంపకపోతే ఒకే పుస్తకం లెక్కలో రెండుసార్లు ఉంటుంది. ధరలో తేడా ఎక్కువున్న పుస్తకాలకే ఇలా చేస్తారు, కాబట్టి ఖరీదైన పుస్తకాల అంకెల్లోనే ఈ పొల్లు ఎక్కువ.

ఇంక్రెడిబుల్ హల్క్ 181 సంగతి వేరు. 1974, వుల్వరిన్ మొదటిసారి పూర్తిగా కనిపించిన సంచిక. సెన్సస్‌లో పది వేలకు పైనే ఉంది, అయినా మంచి ధరే పలుకుతుంది. ఆ రోజుల్లో మార్వెల్ వాళ్లు ఉత్తరాల పేజీలో ఒక చిన్న స్టాంపు బొమ్మ వేసేవాళ్లు, పిల్లలు కత్తిరించి అంటించుకునేవాళ్లు. అది లేకపోతే చాలాసార్లు పుస్తకంలో లోపం ఉందని చెప్పే ఆకుపచ్చ లేబుల్ వస్తుంది, ధర సగానికి సగం పడిపోతుంది. మా షాపుకి ఈ పుస్తకం వచ్చినప్పుడల్లా నేను కవర్ చూడను. టేబుల్ మీద తెల్ల కాగితం పరిచి, చేతులు కడుక్కుని బాగా ఆరనిచ్చి, వెన్ను మీద ఒత్తిడి పడకుండా సగమే తెరిచి ముందు ఆ పేజీకి వెళ్తాను. కత్తెర గాటు మరీ చక్కగా ఉంటుంది, యాభై ఏళ్ల కింద ఏ పిల్లాడో నాలుక బయటపెట్టి ఎంత శ్రద్ధగా కోసుకున్నాడో అనిపిస్తుంది.

నిన్న మళ్లీ తమ్ముడి ఫోన్. తొమ్మిది వందల పుస్తకం వదిలేశాడట. మెస్కీట్‌లో ఎవరో పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ అదే హల్క్ అమ్ముతున్నారని, స్లాబ్ లేకుండా ఉందని, సెన్సస్ అంకెలన్నీ గడగడా చదవడం మొదలుపెట్టాడు.

"అంకెలు తర్వాత నాన్నా, ఉత్తరాల పేజీ తెరిచి చూశావా?"

"లేదక్కా."

"ఆయన్నడిగి మెల్లగా తెరువు. చేతులు కడుక్కుని."

పావుగంటకి ఫొటో వచ్చింది. స్టాంపు ఉంది. కింది పిన్ను చుట్టూ కాగితం మీదికి తుప్పు పాకింది, గోరంత. ఆదివారం పట్టుకు రమ్మన్నాను.