పడవలో డీజిల్ హీటర్: లోపం వైరులో ఉంది

మేమిద్దరం ఇంగ్లండులో, గ్రాండ్ యూనియన్ కాలువ మీద, 57 అడుగుల ఇనుప నారోబోటులో కాపురముంటున్నాం. దాని వెడల్పు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ. గోదావరి కాలువల్లో ఒకప్పుడు తిరిగిన గూటిపడవలను తలచుకుంటే దీని ఆకారం తేలికగానే ఊహకు అందుతుంది. మాకు స్థిరమైన రేవు లేదు కనుక ఒకేచోట 14 రోజులకు మించి ఉండకూడదన్న నియమానికి లోబడి కదులుతూ ఉంటాం. గట్టు నుంచి వచ్చే కరెంటు లేదు. వేసవిలో పైకప్పు మీది సోలార్ పలకలు సరిపోతాయి గాని, చలికాలంలో ఇంజను తిప్పి బ్యాటరీలు నింపుకోవలసిందే. రాత్రి పడవ ఇనుము మంచుముద్దలా చల్లబడే డిసెంబరులో మమ్మల్ని కాపాడేది డీజిల్ హీటర్ ఒక్కటే. కిందటి చలికాలంలో అది నెలన్నర పాటు సరిగా వెలగలేదు. చివరికి తేలిన కారణం, దానిని సరిచేసిన విధం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పాలి. స్విచ్ వేయగానే ఫ్యాను మెల్లగా తిరుగుతుంది, డీజిలును అంటించే గ్లో ప్లగ్ అనే చిన్న కడ్డీ లోపల ఎర్రగా కాలుతుంది, ఆ తరువాత చిన్న పంపు టిక్కుటిక్కుమంటూ డీజిలును చుక్కచుక్కగా యంత్రం లోపలి మంట గదిలోకి నెడుతుంది. మంట నిలబడిందని సెన్సరు గుర్తించగానే ప్లగ్గుకు కరెంటు ఆగిపోతుంది. మండడానికి కావలసిన గాలి బయటి నుంచి వచ్చి, పొగతో కలిసి బయటికే పోతుంది. మనం పీల్చే గాలి మాత్రం వేడెక్కిన లోహపు రెక్కల మీదుగా వేరే దారిలో పడవలోకి వస్తుంది. మంట నిలబడ్డాక ఈ యంత్రానికి కావలసిన కరెంటు చాలా తక్కువ. మాది రెండు కిలోవాట్లది. మెల్లగా నడిచేటప్పుడు ఒక ఆంపియరుకు అటూఇటూగా తీసుకుంటుంది. ప్లగ్గు కాలే ఆ రెండు మూడు నిమిషాలు మాత్రం తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. రాత్రంతా అయ్యే కరెంటు ఖర్చు చూసి, ఇంత చిన్న యంత్రానికి సన్న వైరు చాలుననుకుంటారు. కాని వైరును ఎంచవలసింది ఆ మొదటి రెండు మూడు నిమిషాల కోసం.

మా పడవను అమ్మినవారు సరిగ్గా అలాగే అనుకున్నట్టున్నారు. బ్యాటరీలు వెనుక ఇంజను గదిలో ఉన్నాయి, హీటరు నడుమ బీరువాలో ఉంది. మధ్య దూరం ఏడు మీటర్లు. దానికి ఒకటిన్నర స్క్వేర్ మిల్లీమీటర్ల వైరు వేశారు. నవంబరు చివర చలి ముదిరాక తెల్లవారుజామున స్విచ్ వేస్తే తెల్లటి పొగ వచ్చేది, యంత్రం మళ్ళీ ఒకసారి ప్రయత్నించి, లోపం గుర్తు చూపించి ఆగిపోయేది. ఆ తెల్లపొగ మండని డీజిలే. పిలిచిన మరమ్మతు మనిషి గ్లో ప్లగ్ మార్చాడు, నాలుగు రోజులు బాగున్నట్టు అనిపించి మళ్ళీ మొదటికే వచ్చింది. రెండవ మనిషి పంపు మార్చమన్నాడు, మార్చాను, ఫలితం లేదు. ఇంజను నడుస్తున్నప్పుడు స్విచ్ వేస్తే మాత్రం మొదటిసారికే అంటుకునేది. ఆ ఆనవాలు అన్ని వారాలూ నా కళ్ళెదుటే ఉంది. దాని అర్థం నాకు తట్టలేదు.

అర్థం చెప్పింది మా మామయ్య. ఆయన తాడేపల్లిగూడెంలో ముప్పై ఏళ్ళకు పైగా లారీలకు ఎలక్ట్రీషియన్ పని చేసినవాడు. ఒక ఆదివారం ఫోనులో మాట్లాడుతూ, "హీటరు దగ్గర వోల్టేజి ఎంత ఉందిరా?" అని అడిగాడు. పన్నెండున్నర ఉంది మామయ్యా అన్నాను. "హీటరు కరెంటు లాగకుండా ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే ఎంత సన్న వైరయినా పన్నెండున్నరే చూపిస్తుంది అల్లుడూ. ప్లగ్గు కాలేటప్పుడు కొలిచి చూడు. మీటరు ముల్లు ఒకటి బ్యాటరీ ప్లస్సు మీద, రెండోది హీటరు ప్లస్సు మీద పెట్టు, ఎంత చూపిస్తే అంత దారిలో పోయినట్టు. మైనస్సుకూ అంతే" అన్నాడు. పొడవాటి వైరు ముక్క ఒకటి మీటరు ముల్లుకు తగిలించి ఆ రాత్రే కొలిచాను. ప్లస్సు వైపు 1.2 వోల్టులు, మైనస్సు వైపు 0.85 వోల్టులు పోతున్నాయి. బ్యాటరీ దగ్గర 12.3 ఉన్నది హీటరు దగ్గరికి వచ్చేసరికి 10.25 అవుతోంది. ఈ రకం హీటర్లు సుమారు 10.5 వోల్టుల కంటే తగ్గితే తమను తామే ఆపుకుంటాయి. ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీ 14 వోల్టులు దాటుతుంది గనుక, అంత పోయినా పన్నెండు మిగిలేది.

లెక్క చూస్తే ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. ఒకటిన్నర స్క్వేర్ రాగి తీగకు మీటరుకు సుమారు 0.013 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ఏడు మీటర్లకు 0.09, దానిని తొమ్మిది ఆంపియర్లతో హెచ్చిస్తే ఒక్కో వైపు 0.8 వోల్టుల పైచిలుకు. పాత ఫ్యూజు గూడు, తీగల కొసలకు బిగించే లోహపు లగ్గులు నల్లబడినవి మిగిలినది మింగాయి. వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, ఆరో వంతు వోల్టేజి తగ్గితే ప్లగ్గు వేడిలో ఇంచుమించు మూడో వంతు తగ్గిపోతుంది. చల్లటి డీజిలును అంటించడానికి ఆ వేడి చాలదు.

కొత్తగా 10 స్క్వేర్, కళాయి పూసిన సన్నని పోగుల రాగి కేబులు ప్లస్సుకూ మైనస్సుకూ సమానంగా వేశాను. అంత లావు తీగ హీటరు కనెక్టరులో పట్టదు గనుక బీరువా పక్కన ఒక టెర్మినల్ బ్లాకు పెట్టి, అక్కడి నుంచి తయారీదారు ఇచ్చిన పొట్టి హార్నెస్‌ను, అంటే హీటరు సొంత తీగల కట్టను, కలిపాను. మైనస్సు తీగకు బదులు ఇనుప ఒడలినే వాడుకుంటే పని తగ్గుతుందని కొందరు అంటారు. లారీలో అది మామూలే, నీటిలో ఉన్న ఇనుప పడవలో మాత్రం ఎన్నటికీ చేయకూడదు. దారి తప్పిన కరెంటు నీటి కింద ఇనుమును తినేస్తుంది. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాను, ఎందుకంటే అది కాపాడవలసింది తీగ మొత్తాన్ని. విలువ మాత్రం హీటరు పుస్తకంలో చెప్పిన 20 ఆంపియర్లే. లావు కేబులు వేశాం గదా అని పెంచితే చివరన ఉన్న సన్న హార్నెస్ కాలుతుంది. లగ్గులను సోల్డరు చేయకుండా సరైన పనిముట్టుతో నొక్కించాను. సోల్డరు పాకిన చోట తీగ బిగుసుకుపోయి, ఇంజను అదురుకు ఆ అంచు దగ్గరే తెగుతుంది. పొగగొట్టానికి దగ్గరగా ఏ తీగా పోకుండా, పడవ అడుగున నీరు చేరే చోట ఏ అతుకూ లేకుండా చూసుకున్నాను.

ఇంకొక మార్పు నా దృష్టిలో వైరు లావు కంటే ముఖ్యమైనది. పాత అమరికలో హీటరుకు కరెంటు పడవ మెయిన్ స్విచ్ తరువాతి నుంచి వచ్చేది. హీటరును ఆపినప్పుడు అది వెంటనే ఆగదు. పంపు ఆగాక కూడా మూడు నాలుగు నిమిషాలు ఫ్యాను తిరిగి, లోపలి గదిని చల్లబరిచి, మిగిలిన డీజిలు ఆవిరిని బయటికి నెట్టిన తరువాతే నిద్రపోతుంది. పడవ దిగేటప్పుడు అలవాటుగా మెయిన్ స్విచ్ తిప్పేస్తే ఎర్రగా కాలిన లోహం గాలి లేకుండా ఉండిపోతుంది, సెన్సరూ ఫ్యాను మోటారూ ఆ వేడికి పాడవుతాయి. పడవల భద్రతా తనిఖీ నాలుగేళ్ళకు ఒకసారి ఉంటుంది గనుక, తీగ కలపకముందే తనిఖీ చేసే ఆయనను అడిగి, ఒప్పుకున్న తరువాత మెయిన్ స్విచ్ ముందు నుంచి విడి ఫ్యూజుతో, విడి పేరుపలకతో హీటరుకు దారి ఇచ్చాను. మంచాల దగ్గర వినిపించేలా కార్బన్ మోనాక్సైడ్ అలారం 2019 ఏప్రిల్ నుంచి ఇక్కడి పడవలకు తప్పనిసరి. నియమం లేకపోయినా పెట్టేవాడినే. రంగూ వాసనా లేని ఆ విషవాయువును నిద్రలో ఉన్న మనిషి పసిగట్టలేడు. అలారాన్ని పడవ కరెంటుకు కలపలేదు, దాని బ్యాటరీ దానికే ఉంది.

పని పూర్తయిన రాత్రి ఇంజను ఆపి నాలుగు గంటలైన తరువాత, బయట సున్నాకు రెండు డిగ్రీలు దిగువన ఉండగా స్విచ్ వేశాను. ప్లగ్గు కాలుతున్నంతసేపు హీటరు దగ్గర మీటరు సరిగ్గా 12.0 చూపించింది. పొగ కనిపించలేదు, మూడవ నిమిషంలో వెచ్చటి గాలి వచ్చింది. ఆ అంకె ఫొటో తీసి మామయ్యకు పంపితే, "మైనస్సు వైపు ఎంత పోతోంది?" అని వెంటనే అడిగాడు. 0.14 అని రాశాను. "అయితే పడుకోండి" అని జవాబు వచ్చింది.