న్యూ లానార్క్‌లో ఇప్పటికీ కాపురాలున్నాయి

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో మా ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా కోటలు, సరస్సులు అంటారు. నేను మాత్రం ముందు న్యూ లానార్క్ తీసుకెళ్తాను. క్లైడ్ నది ఒడ్డున, లోయలో ఉన్న చిన్న ఊరు. జలపాతాల నీటి బలంతో నూలు మిల్లులు నడపొచ్చని డేవిడ్ డేల్ అనే వ్యాపారి 1785లో దీన్ని మొదలుపెట్టాడు. స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కెయిత్‌నెస్ ప్రాంతం నుంచి పనికోసం వచ్చినవాళ్ల వరస ఇళ్లని ఇప్పటికీ కెయిత్‌నెస్ రో అనే అంటారు.

1800లో డేల్ అల్లుడు రాబర్ట్ ఓవెన్ పెత్తనం తీసుకున్నాడు. పదేళ్లలోపు పిల్లల్ని మిల్లులోకి రానివ్వలేదు. 1816లో బడి తెరిచాడు. అక్కడ దెబ్బల్లేవు, పాటలు, డాన్సు ఉండేవి. ఊరి దుకాణం లాభాలు బడికి వెళ్లేవి.

కానీ ఒక చెక్కముక్క ఉంది. నాలుగు పక్కలా నాలుగు రంగులు: నలుపు, నీలం, పసుపు, తెలుపు. ప్రతి పనివాడి దగ్గరా దాన్ని వేలాడదీసి, ముందురోజు పని ఎలా ఉందో చెప్పే రంగు బయటికి తిప్పేవారు. తెలుపైతే చాలా బాగా చేసినట్టు. తిట్లూ దెబ్బలూ లేవు, నిజమే. అయినా నలుపు కనిపించే రోజు పక్కవాళ్ల ముందు తలెత్తుకోవడం ఎంత కష్టం! ఓవెన్ అంటే నాకు చాలా గౌరవం, ఇదొక్కటీ మింగుడుపడదు.

1968లో మిల్లులు మూతపడ్డాయి. ఊరు శిథిలమైపోయేదే, 1974లో ఒక ట్రస్టు పూనుకుని ఇళ్లు బాగుచేయించింది. 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ ఇళ్లలో కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. వెళ్తే కిటికీల్లోకి తొంగిచూడకండి, దయచేసి.