నలంచి పాట, పుట్టకొక్కు వేరు

మే 12: మా జీడితోటలో పెద్ద నలంచి అనే పిట్ట పాట రికార్డు చేయబట్టి మూడు వారాలైంది. తెల్లవారుజామున 4.50కల్లా మగది కరెంటు స్తంభం ఎక్కేస్తుంది. మొదట్లో ఫోను చేత్తో పట్టుకుంటే గాలి హోరే వచ్చేది. ఇప్పుడు మైకుకి పాత సాక్సు తొడిగి కొమ్మకి కట్టేస్తున్నాను. ఇంకో చిక్కు: ఇది పక్క పిట్టల కూతలు కూడా అనుకరిస్తుంది. కూత విని పిట్టని గుర్తుపట్టే యాప్ ఒక పేరు చూపించినా, కళ్లతో చూశాకే రాసుకుంటున్నాను.

జూన్ 14: రాత్రి వాన పడింది, ట్యూబ్‌లైటు చుట్టూ ఉసిళ్లు. పొద్దున నలంచి చెదపుట్ట పక్కన తోక నిక్కబొడుచుకుని, రెక్కలు రాలిన ఉసిళ్లని ఏరుకు తింటోంది. రోజూ దాటిపోయే పుట్టే, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

జూలై 9: అదే పుట్ట వారన పదకొండు పుట్టకొక్కులు, అంటే చెదపుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు! ఆత్రంగా లాగితే మొదటిది పుటుక్కున తెగింది. "ఒరేయ్, లాగకు, తవ్వు" అని పెద్దమ్మ బొరిగె ఇచ్చింది. రెండోదాని చుట్టూ మెల్లగా మట్టి తీస్తే, కాడ కింద తెల్లటి వేరు సన్నబడుతూ 28 సెంటీమీటర్లు దిగింది. దాని అడుగున గోధుమరంగు స్పాంజిలాంటి ముద్ద. చెదలు నమిలిన ఆకు, పుల్లలతో కట్టుకుని బూజు పెంచుకునే తోట అది. పుట్టకొక్కు మొలిచేది ఆ బూజు నుంచే. అందుకే వీటిని ముత్యపుచిప్ప పుట్టగొడుగుల్లా గడ్డి సంచుల్లో పెంచలేం. మట్టి మళ్లీ కప్పేశాను.

రకం పోల్చుకోడానికి, ఒక కొక్కు గొడుగు కోసి, సగం నల్ల కాగితం, సగం తెల్ల కాగితం మీద పెట్టి గిన్నె బోర్లించాను. తెల్లారేసరికి లేత గులాబీ పొడి (దాని విత్తనాల్లాంటి బీజాలు) రాలింది. ఆకుపచ్చ రాలితే పారేయాల్సిందే, అలాంటి విషపు రకం పచ్చికలో మొలుస్తుంది. గులాబీ వచ్చినంత మాత్రాన తినేయకూడదు. పెద్దమ్మ చూసి సరేనన్నాకే కూర.

పిట్టతో సుఖమేమిటంటే, ఇవాళ చెడిన రికార్డింగు రేపు మళ్లీ చేసుకోవచ్చు. పుట్టకొక్కులు మూడో రోజుకే పురుగు పట్టాయి. కొలతలు నాలుగు కొక్కులకే తీయగలిగాను.

ఆగస్టు 17: పాట ఆగిపోయింది, అప్పుడప్పుడూ చిర్రుమనే కూతే. పుట్ట దగ్గర వచ్చే ఏటికి గుర్తుగా రాయికి రంగు పూశాను. పెద్దమ్మ చూసి, "ఊరందరికీ దారి చూపిస్తావా?" అని ఆ రాయిని బోర్లా తిప్పేసింది.