మలం నల్లబడని రక్తస్రావం

గుండెలో మెకానికల్ (కృత్రిమ) మైట్రల్ వాల్వ్ ఉంది కాబట్టి, దాని మీద గడ్డ కట్టకుండా రక్తాన్ని పలచబరిచే అసిట్రోమ్ రోజూ వేసుకుంటాను. ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష) 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. విరేచనాలకని మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడాక అది 9 దాటింది. అసిట్రోమ్‌ను లివర్ విరగ్గొట్టకుండా ఆ మాత్ర అడ్డుపడుతుంది. వేసుకునే డోసు అదే అయినా మందు ఒంట్లో పేరుకుంటుంది. పైగా తిండి సరిగా లేకపోతే రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె కూడా తగ్గుతుంది.

ముందు బొడ్డు చుట్టూ నొప్పి, ఆపైన పచ్చటి వాంతులు, ఉబ్బరం. మలం మాత్రం నల్లబడలేదు. రక్తం పేగులోకి కారితేనే మలం తారులా నల్లగా, జిగటగా, కంపుతో వస్తుంది (ఐరన్ మాత్రల నలుపుకి ఆ జిగటా కంపూ ఉండవు). నాకు రక్తం పేగు గోడ పొరల మధ్యే చేరింది. గోడ ఉబ్బి దారి మూసుకుపోయింది. ఎక్స్‌రేలో మామూలుగా పేగు మూసుకుపోయినట్టే కనబడేసరికి ఆపరేషన్ మాట కూడా వచ్చింది. ఐఎన్ఆర్ 9 మీద పొట్ట కోయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

విషయం తేల్చింది సీటీ. డై (రక్తనాళాలు స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే మందు) ఎక్కించకముందు ఒకసారి తీయాలి, ఇది ముఖ్యం. తాజాగా గడ్డకట్టిన రక్తం అందులో 50-80 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లతో (సీటీలో సాంద్రతను కొలిచే అంకెలు) తెల్లగా కనబడుతుంది. డై వెళ్లాక గోడంతా తెల్లబడి ఆ తేడా మరుగున పడుతుంది. నా జెజునమ్ (చిన్న పేగు మధ్య భాగం) గోడ చుట్టూతా ఉంగరంలా దళసరెక్కి ఉంది. డైతో తీసిన సీటీ కూడా తప్పదు. వాల్వ్ మీది గడ్డ కొట్టుకొచ్చి పేగు రక్తనాళంలో ఇరుక్కున్నా నొప్పి ఇలాగే ఉంటుంది, కానీ దానికి వైద్యం పూర్తిగా తలకిందులు: రక్తం పలచబడే మందు ఆపరు, ఇస్తారు.

అసిట్రోమ్ ఆపి, ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్, ప్లాస్మా (రక్తం గడ్డకట్టించే పదార్థాలుండే రక్తంలోని ద్రవం) ఎక్కించారు. గుండె జబ్బున్నవాళ్లకి ప్లాస్మా గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. విటమిన్ కె 1 మి.గ్రా. మాత్రమే, డ్రిప్‌లో నెమ్మదిగా ఇచ్చారు. ఒకేసారి 10 మి.గ్రా. ఇస్తే ఆ తర్వాత చాలా రోజులు అసిట్రోమ్ పనిచేయదు, ఈలోగా వాల్వ్ మీద గడ్డ కట్టొచ్చు. హిమోగ్లోబిన్ ఒక్కసారి చూసి వదిలేయకూడదు, మొదటి గంటల్లో అది పడకపోవచ్చు.

గ్యాస్ పోవడం మొదలయ్యాక గొట్టం తీసి, నీళ్లు, ఆపైన జావ ఇచ్చారు. రక్తం పలచబరిచే మందు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ముందు హెపారిన్ (త్వరగా పనిచేసే అలాంటి మందే) డ్రిప్ ఇచ్చారు, బోలస్ (మొదట ఒకేసారి ఇచ్చే పెద్ద డోసు) లేకుండా. మళ్లీ రక్తస్రావమైతే దాన్ని గంటల్లో ఆపేయొచ్చు. అది నడుస్తుండగానే అసిట్రోమ్ మొదలుపెట్టి, ఐఎన్ఆర్ 2.5 దాటాక హెపారిన్ తీసేశారు.

ఇప్పుడు ఏ కొత్త మాత్ర రాసినా మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించుకుంటాను. రక్తస్రావం ప్రమాదం పెంచుతుంది కాబట్టి నొప్పులకి డైక్లోఫెనాక్ ముట్టను. కొన్ని వారాలకి మళ్లీ సీటీ తీస్తే గోడ మామూలైంది. తగ్గకపోయి ఉంటే అక్కడ కంతి లాంటిదేమైనా ఉందేమోనని వెతికేవారు.