అడితిలోని కలప ఎవరిది?

ఇంటర్మీడియట్‌లో కామర్స్ తెలుగు మీడియంలోనే చదివాను. చిట్టా, ఆవర్జా, సొంతవాడకాలు అన్న మాటలతోనే నాకు లెక్కలు వచ్చాయి. 'వ్యాపార అస్తిత్వ భావన' అంటే యజమాని వేరు, వ్యాపారం వేరు అని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అది నిజంగా అర్థమైంది మాత్రం ఈ మధ్యే, సీఏ ఇంటర్ కోసం కంపెనీ లా చదువుతున్నప్పుడు.

2013 కంపెనీల చట్టంలో 470 సెక్షన్లు. మొదట్లో నంబర్లు బట్టీ పట్టాను. సాధారణ సభకు 21 రోజుల నోటీసు 101, బోర్డు సమావేశాలు 173. ఏ నంబరు వెనక ఎవరి కష్టం ఉందో తెలియకుండా చదివితే ఏదీ నిలవదు.

కంపెనీ వేరు, దాని వాటాదారు వేరు అని తేల్చిన 1897 నాటి సాలమన్ కేసును ప్రతి తరగతిలోనూ చెబుతారు. నన్ను పట్టి కుదిపింది మాత్రం మకౌరా కేసు. మకౌరాకు ఉత్తర ఐర్లండ్‌లో ఎస్టేట్ ఉండేది. అక్కడి కలపను ఒక కంపెనీకి అమ్మి, సొమ్ముకు బదులు వాటాలు తీసుకున్నాడు. కంపెనీ వాటాలన్నీ ఆయన చేతిలోనివే. కలపకు బీమా మాత్రం తన సొంత పేరున చేయించాడు. 1922లో కలప తగలబడిపోయింది. బీమా సొమ్ము ఇవ్వనక్కర్లేదని 1925లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. కాలిపోయింది కంపెనీ కలప, పాలసీ ఆయనది.

మాది కలప అడితి. మూడేళ్ల కిందట నాన్న, బాబాయి కలిసి దాన్ని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మార్చారు. పుస్తకం పక్కన పెట్టి వెంటనే నాన్నకు ఫోను చేశాను.

"నాన్నా, అడితి బీమా ఎవరి పేరున ఉంది?"

"నా పేరునే. ఎందుకమ్మా?"

"కలప ఇప్పుడు కంపెనీది కదా."

"కంపెనీ మనదే కదా!"

"మనవి వాటాలు నాన్నా. కలప మనది కాదు."

చాలాసేపు ఆయన ఏమీ అనలేదు. ముప్పై ఏళ్లుగా ప్రతి దుంగనూ చేత్తో తట్టి చూసి కొన్న మనిషికి ఆ మాట చెప్పడం నాకూ కష్టంగానే అనిపించింది. మన సుప్రీంకోర్టు కూడా బచా గుజ్దార్ కేసులో ఇదే చెప్పిందని వివరించాను. బచా గుజ్దార్ ఒక తేయాకు కంపెనీలో వాటాదారు. ఆ కంపెనీ ఆదాయంలో 60 శాతం పన్ను లేని వ్యవసాయ ఆదాయం కాబట్టి తన డివిడెండులోనూ అంత భాగానికి పన్ను ఉండకూడదని ఆమె వాదించారు. తోట కంపెనీది, వాటాదారుది కాదని కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు.

వారం తిరగకుండానే నాన్న కంపెనీ పేరున కొత్త పాలసీ తీసుకుని, దాని ఫొటో నాకు పంపారు. అందులోని పేరు అక్షరం అక్షరం సరిచూశాను.

బాబాయి ఇప్పటికీ ఇంటి ఖర్చులకు అడితి గల్లాపెట్టెలోంచే డబ్బు తీసుకుంటారు. ఒంటరి వ్యాపారంలోనైతే వాటిని సొంతవాడకాలుగా రాసేదాన్ని. కంపెనీలో ఆ పద్దు లేదు. డైరెక్టర్లకిచ్చే అప్పుల గురించిన సెక్షన్ 185 ఇంకోసారి చదివి, ఆదివారం ఆయన దగ్గర కూర్చుంటాను.