ఎండ్రికాయ కనబడిన లైటు

నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన మా బావ, తన సంచి పెట్టుకోవడానికి నా బ్యాగు పక్కకు జరపబోయి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"బ్యాగుల అన్నమేమన్న వండుతున్నవా బామ్మర్ది?"

జిప్పు తీసి చూస్తే కొత్త టార్చి. బట్టల మధ్య బటన్ నొక్కుకుపోయి, ఎప్పట్నుంచి వెలుగుతోందో ఏమో, పట్టుకోలేనంత కాలిపోతోంది. తువ్వాలు మీద గోధుమరంగు మచ్చ కూడా పడింది. డబ్బా మీద 10,000 లూమెన్లు (లూమెన్ అంటే వెలుగు కొలత) అని పెద్ద అక్షరాలతో ఉన్న టార్చి అది. ముందుకు లాగితే జూమ్, నాలుగుసార్లు నొక్కితే పోలీసు బండిలా టపటపలాడటం. కల్సూబాయి కోసమే కొన్నాను.

కల్సూబాయి మహారాష్ట్రలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం, 1,646 మీటర్లు. సహ్యాద్రి కొండల్లో బారి అనే ఊరి నుంచి దారి మొదలవుతుంది. నిటారు రాళ్ల దగ్గర ఇనుప నిచ్చెనలు బిగించి ఉంటాయి. పైనుంచి సూర్యోదయం చూడాలని చాలామంది రాత్రి పూట ఎక్కుతారు. మేమూ ఆ లెక్కలోనే సెప్టెంబరు ఆఖరులో బయల్దేరాం. నాసిక్ రోడ్‌లో దిగి, ఘోటీ మీదుగా బారి చేరి, పగలంతా భండారదరా జలాశయం దగ్గర తిరిగాం. రాత్రి పిఠ్లా (శనగపిండి కూర), జొన్న భాకరీ (రొట్టె) తిని ఒంటిగంటన్నరకు నడక మొదలుపెట్టాం.

పొలాలు దాటగానే మంచు కమ్మింది. ఇదే సమయమని నా టార్చి ఫుల్‌లో పెట్టాను. కళ్ల ముందు తెల్లటి గోడ లేచింది. గోడ అవతల ఏమీ లేదు.

"ముందుగాల దాన్ని ఆర్పు. పెండ్లి బరాత్‌కు పోతలేం," అన్నాడు బావ.

తన జేబులోంచి చూపుడు వేలంత పొడవున్న చిన్న టార్చి తీశాడు. దాన్ని భుజం దగ్గర కాదు, మోకాలి దగ్గర పట్టుకున్నాడు. అంత కిందనుంచి వెలుగు పడితే ప్రతి రాయికీ వెనక నీడ పడుతుంది. ఏ రాయి ఎంత ఎత్తుందో, ఎక్కడ గుంత ఉందో ఆ నీడే చెబుతుంది. నేను చేసినట్టు కళ్ల పక్కనుంచి కొడితే నీడలు రాళ్ల వెనకే దాక్కుని దారంతా చదునుగా కనిపిస్తుంది. పైగా మంచు తుంపర్లు వెలుగును తిరిగి మన కళ్లలోకే కొడతాయి. తలకు లైట్లు కట్టుకుని మా వెనక వచ్చిన పుణె కుర్రాళ్లూ ఇదే అవస్థ పడి, వాటిని విప్పి చేతుల్లో పట్టుకున్నారు.

నేను మాత్రం మొండిగా నాదే వెలిగించాను. మూడో నిమిషానికి వెలుగు సగానికి పడిపోయింది. పాడైందనుకున్నాను గానీ, మంచి టార్చీలు కూడా ఇలాగే తగ్గుతాయని తర్వాత తెలిసింది. అంత చిన్న అల్యూమినియం గొట్టం అంత వేడిని బయటకు పంపలేదు కాబట్టి లోపలి సర్క్యూటే తగ్గిస్తుంది. డబ్బా మీది పెద్ద అంకె ఆ రెండు మూడు నిమిషాల ముచ్చటే. మిగతా రాత్రంతా మనం నడిచేది దాని కింది మెట్టులోనే, అంటే తక్కువ వెలుగు మోడ్‌లోనే. నా టార్చిలో ఆ కింది మెట్టే సరిగ్గా లేదు.

రెండో నిచ్చెన దగ్గర అసలు కథ జరిగింది. నిచ్చెనకు రెండు చేతులూ కావాలి. టార్చి పళ్ల మధ్య పెట్టుకున్నాను. బరువు, జిడ్డు, తుప్పు రుచి, పైగా కారుతున్న చొంగ. తడిసిన ఇనుప మెట్లు ఎనిమిదో తొమ్మిదో ఎక్కానో లేదో, టప్‌మని ఆరిపోయింది. రైల్లోనే సగం కరిగిపోయిన బ్యాటరీ ఇంకెంతసేపు వస్తుంది? కింద ఎంత లోతుందో కనబడకపోవడం ఒకందుకు మంచిదే అయింది. కిందనుంచి బావ తన లైటు నా కాలి పక్కన మెట్టు మీదకే కొట్టి, "అదే మెట్టు. ఎక్కు," అన్నాడు. అది పాతిక లూమెన్లు కూడా ఉండి ఉండదు.

అక్కడి నుంచి ఆయన లైటే ఇద్దరికీ దిక్కు. కాసేపటికి దారి మధ్యలో బావ ఆగి నన్ను చెయ్యి అడ్డంపెట్టి ఆపాడు. రాళ్ల మధ్య నారింజ రంగు ఎండ్రికాయ, డెక్కలు పైకెత్తి మావైపే చూస్తోంది. వానాకాలం ఈ కొండల మీద అవి చాలా తిరుగుతాయట. అంతకుముందు నా నీలం తెలుపు వెలుగులో ఇలాంటివి ఎన్ని దాటొచ్చానో. అన్నీ బూడిద రంగు రాళ్లే అనుకుని ఉంటాను.

"పాలలెక్క తెల్లగ కొట్టే లైట్ల కట్టె పాములెక్క, పాము కట్టెలెక్క అగుపడ్తది," అన్నాడు బావ.

ఆయనకు పసుపు చేను ఉంది. 24 గంటల కరెంటు రాకముందు అర్ధరాత్రి లేచి గట్ల మీద నడిచి మోటరు పెట్టొచ్చిన మనిషి. గట్టు మీద దూరం కనబడాల్సిన పని లేదనీ, రెండడుగుల అవతల పడుకున్నది ఏ రంగులో ఉందో తెలిస్తే చాలనీ ఆయన లెక్క. దీన్నే టార్చీలు అమ్మేవాళ్లు కలర్ టెంపరేచర్ (వెలుగు పసుపు వైపుందా, నీలం వైపుందా), సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయి) అంటారు. 6,500 కెల్విన్ అంటే నీలం వైపు తెలుపు. 4,000 నుంచి 5,000 మధ్య అయితే మట్టి మట్టిలా, ఆకు ఆకులా ఉంటుంది. సీఆర్ఐ 90 దాటితే రంగులు ఇంకా నిజంగా కనిపిస్తాయి. దానికి బదులుగా వెలుగు కొంచెం తగ్గుతుంది. తగ్గనీ.

ఆఖరి నిచ్చెనకు ముందు చదునులో టీ తాగుతూ నా టార్చి విప్పాం. లోపల 18650 బ్యాటరీ, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు. మీద 9,900 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) అని ఉంది. ఈ సైజులో మంచి కంపెనీలవి కూడా చాలావరకు 3,500 దగ్గరే ఆగిపోతాయి. అబద్ధం డబ్బా మీద మొదలై బ్యాటరీ దాకా వచ్చిందన్నమాట.

పైన సూర్యోదయం లేదు. మబ్బు. కల్సూబాయి అమ్మవారి చిన్న గుడి చుట్టూ పది మీటర్లు తప్ప ప్రపంచం లేదు. దిగేటప్పుడు మాత్రం మబ్బు చీలి, వాలు పొడుగునా పసుపుపచ్చటి సోన్కీ పూలు కనబడ్డాయి. వాటికి ఏ టార్చీ అక్కర్లేదు.

హైదరాబాద్ వచ్చాక ఇంకో టార్చి కొనడానికి వారం పట్టింది. లూమెన్లు చివర చూశాను. ముందు చూసింది కింది మెట్లు. ఒకటి, ముప్పై, నూటయాభై లూమెన్లకు వేరువేరు మోడ్‌లు ఉన్నాయా, ఆన్ చేయగానే కింది మెట్టులో వెలుగుతుందా అని. తర్వాత టార్చీల కొలతలకున్న ప్రమాణం ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 పద్ధతిలో కొలిచారా అని. అందులోనూ ఒక మెలిక ఉంది. రన్‌టైమ్ అంటే వెలుగు మొదటిదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. ఆరు గంటలు అని రాస్తే అందులో ఐదు గంటలు గుడ్డి దీపమే కావచ్చు. అందుకే గంట గంటకూ వెలుగు ఎలా తగ్గుతుందో గ్రాఫ్ ఇచ్చినవే చూశాను. నీళ్లకు ఐపీఎక్స్8, అంటే నీళ్లలో మునిగినా తట్టుకోవాలి. జూమ్ వద్దు, ముందుకు వెనక్కు జరిగే తలలోంచి నీళ్లు దూరతాయి. టోపీ అంచుకు తగిలించుకునేలా రెండువైపుల క్లిప్. నిచ్చెన మీద పళ్లకు పని తప్పుతుంది.

చివరగా, వెనక మూత అర తిప్పు వదులు చేస్తే కరెంటు తెగిపోవాలి. మర దగ్గర అల్యూమినియానికి పూత ఉన్నవాటిలోనే అలా తెగుతుంది. మొదటి రోజు తువ్వాలు గుర్తొచ్చి ఇది మాత్రం కొట్టులోనే నొక్కి చూసి తీసుకున్నాను. మూడు వేల పైచిలుకు అయింది. ఇంట్లో ఎంతయిందో చెప్పలేదు.

దసరాకు నిజామాబాద్ వెళ్లినప్పుడు బావ చేతికిచ్చాను. ఫుల్‌లో పెట్టి గోడ మీదకు కొడతాడని చూస్తున్నా. మూత అర తిప్పు వదులు చేసి, నొక్కి, వెలగలేదని చూసుకుని తన జేబులో వేసుకున్నాడు.

"నా పాతది నువ్వు తీస్కపో. నీకు దాంతోని అలవాటైంది కద," అన్నాడు.